రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టాక పది రోజులు చర్మాన్ని ఎలా కనిపెట్టుకోవాలి

గుండెలో వాల్వు మార్చినవాళ్లకి, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్లకి, గుండె లయ తప్పినవాళ్లకి వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ రాస్తారు. ఇంటికి పంపేటప్పుడు రక్తస్రావం గురించి జాగ్రత్తలు చెబుతారు: చిగుళ్లు, మూత్రం, నల్లటి విరేచనం. చర్మం సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడానికి కారణమూ ఉంది. ఈ మాత్రల వల్ల చర్మం చచ్చిపోవడం పది వేల మందిలో ఒకరి నుంచి పదిమంది వరకే కనిపిస్తుంది. కానీ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి కోత, చర్మం అతకడం దాకా వెళుతుంది. తొలి గంటల్లోనే పట్టుకుంటే నష్టం తగ్గే అవకాశం ఉంది. ఆ గంటలు ఎక్కువగా ఇంట్లోనే గడుస్తాయి కాబట్టి ఈ పని మీ చేతుల్లో ఉంది.

ముందు ఇది ఎందుకొస్తుందో తెలుసుకోండి, మిగతా జాగ్రత్తలన్నీ దాన్నించే పుట్టాయి. మన కాలేయం విటమిన్ కె సాయంతో రెండు రకాల ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఒక రకం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. రెండో రకం, అంటే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, గడ్డ అతిగా కట్టకుండా ఆపుతాయి. మాత్ర ఈ రెండు రకాల తయారీనీ ఒకేసారి నిలిపేస్తుంది, కానీ రక్తంలో అప్పటికే ఉన్న నిల్వలు ఒకేసారి అయిపోవు. ప్రోటీన్ సి దాదాపు ఎనిమిది గంటల్లో సగానికి పడిపోతుంది. గడ్డకట్టించేవాటిలో ముఖ్యమైన ఫ్యాక్టర్ రెండు సగానికి రావడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అందుకని మొదటి కొద్ది రోజులు ఆపేది తగ్గిపోయి, కట్టించేది మిగిలి, రక్తం గడ్డకట్టే వైపే మొగ్గుతుంది. చర్మం కింది సన్నటి నాళాలు మూసుకుపోతే పైన చర్మం, కింద కొవ్వు చచ్చిపోతాయి. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువ, పదో రోజు దాకా భయం ఉంటుంది.

మాత్ర మొదలుపెట్టే ముందు

డాక్టరు దగ్గర మూడు విషయాలు తేల్చుకోండి.

మొదటిది మోతాదు. వార్ఫరిన్ సాధారణంగా రోజుకి 5 మిల్లీగ్రాములు, వయసు మళ్లినవాళ్లకీ బక్కపల్చటివాళ్లకీ కాలేయం బాగోలేనివాళ్లకీ ఇంకా తక్కువతో మొదలుపెడతారు. తొందరగా పనిచేయాలని మొదటి రోజే 10 మిల్లీగ్రాములు, అంతకు పైన ఇచ్చే పాత పద్ధతి ఒకటుండేది. పెద్ద మోతాదుతో ప్రోటీన్ సి మరీ వేగంగా పడిపోతుంది, కాబట్టి ఈ ప్రమాదమూ పెరుగుతుంది. చీటీలో ఏముందో, మందుల షాపులో ఏమిచ్చారో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. వార్ఫరిన్ 1, 2, 3, 5 మిల్లీగ్రాముల బిళ్లలుగా, అసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల బిళ్లలుగా దొరుకుతాయి. ఈ రెండు మందుల మోతాదులూ ఒకటి కావు, ఒకదాని బదులు ఇంకోటి ‘అదే పని చేస్తుందిలెండి’ అని ఇస్తే తీసుకోవద్దు.

రెండోది ఇంజెక్షన్. ఒంట్లో ఇప్పటికే గడ్డ ఉన్నవాళ్లకి మాత్రతోపాటు రక్తం పలచన చేసే హెపారిన్ ఇంజెక్షన్ గానీ, పొట్ట చర్మంలో వేసే ఎనాక్సాపరిన్ గానీ కనీసం ఐదు రోజులు నడవాలి. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 2కి చేరి 24 గంటలు నిలబడేదాకా ఆపకూడదు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మూడో రోజు రిపోర్టులో ఐఎన్ఆర్ 2.1 కనబడుతుంది, ‘వచ్చేసింది కదా, ఇంకా సూదుల ఖర్చెందుకు’ అని ఇంట్లోవాళ్లే మానేస్తారు. ఆ మొదటి పెరుగుదల, గడ్డకట్టించే మరో ప్రోటీన్ అయిన ఫ్యాక్టర్ ఏడు తగ్గినందువల్ల వచ్చిన అంకె. ఫ్యాక్టర్ రెండు ఇంకా సగం దాకా మిగిలే ఉంటుంది. అంకె బాగుంది, రక్షణ రాలేదు, అప్పుడే ఇంజెక్షనూ పోయింది. సూదులు ఎప్పుడు ఆపాలో డాక్టరు చేత తేదీ వేయించుకుని రాయించుకోండి. గుండె లయ తప్పి మాత్రమే మాత్ర మొదలుపెట్టినవాళ్లకి, గడ్డ లేకపోతే, తక్కువ మోతాదుతో ఇంజెక్షన్ లేకుండా కూడా మొదలుపెడతారు. అది తప్పు కాదు.

మూడోది కుటుంబం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల్లో నలభై ఏళ్లలోపే ఎవరికైనా కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చిందా? ఇంతకుముందు ఇదే మాత్రతో ఒంటిమీద నల్లటి పుండు పడిందా? పుట్టిన కొద్ది రోజులకే ఒళ్లంతా ఊదారంగు మచ్చలొచ్చి పోయిన బిడ్డ ఉందా? ఇవి ప్రోటీన్ సి పుట్టుకతోనే తక్కువని చెప్పే గుర్తులు. మేనరికాలు నడిచే కుటుంబాల్లో ఆ లోపం బిడ్డకి ఇద్దరి వైపు నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. అడక్కపోయినా చెప్పేయండి.

రోజూ ఎలా చూడాలి

మాత్ర వేసుకున్న రోజుని ఒకటో రోజుగా క్యాలెండర్లో గుర్తు పెట్టండి. రెండో రోజు నుంచి పదో రోజు దాకా ఉదయం స్నానానికి ముందు ఒకసారి, రాత్రి మాత్రకి ముందు ఒకసారి చూడాలి. బాత్‌రూమ్ బల్బు చాలదు. కిటికీ వెలుతురు గానీ ఫోన్ టార్చి గానీ వాడండి, చామనఛాయలో తొలి ఎరుపు సరిగా కనపడదు. కంటికంటే చేతిని నమ్మండి: చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే ఒకచోట వేడిగా, బిర్రుగా, నారింజ తొక్కలా గుంతలు గుంతలుగా తగిలిందా?

చూడాల్సిన చోట్లు కొవ్వు ఎక్కువున్నవి: రొమ్ములు, తొడలు, పిరుదులు, తుంటి పక్కలు, పొత్తికడుపు. మగవాళ్లలో అరుదుగా మర్మాంగం మీదా వస్తుంది. ఈ సమస్య ఆడవాళ్లలో ఎక్కువ, అందులోనూ నడివయసు దాటి ఒళ్లు చేసినవాళ్లలో. చిక్కంతా ఇక్కడే ఉంది. యాభై ఐదేళ్ల అమ్మకి రొమ్ము మీద మంట పుడితే కొడుక్కి చెప్పదు, డాక్టరు మగవాడైతే ఆయనకీ చెప్పదు, రెండు రోజులు చీర కొంగు కింద దాచుకుంటుంది. అందుకని మాత్ర మొదలైన రోజే కూతురో కోడలో చెల్లెలో, ఎవరో ఒక ఆడమనిషి ఈ పని తనదని ఒప్పుకోవాలి. ‘ఎక్కడైనా నొప్పుందా అత్తయ్యా’ అని అడిగితే ‘ఏం లేదమ్మా’ అంటారు. అడిగి ఊరుకోకుండా చూడండి.

ఏది మామూలు, ఏది కాదు

ఇందులో వరస ముఖ్యం. ముందు నొప్పి వస్తుంది, లేదా తిమ్మిరిగా చీమలు పాకినట్టు ఉంటుంది. ఆ చోట పైకి ఇంకా ఏమీ ఉండకపోవచ్చు. కొద్ది గంటల్లో ఎర్రగా కందుతుంది, వాస్తుంది. తర్వాత అందులో సన్నటి రక్తపు చుక్కలు, ఊదా, నీలి నలుపు. ఒక రోజు గడిచేసరికి రక్తం నిండిన బొబ్బలు లేచి, అంచు గీసినట్టు తేడా తెలిసే నల్లటి మాడు ఏర్పడుతుంది. కనపడేదానికి మించి నొప్పి ఉండటమే దీని ప్రత్యేకత.

మాత్ర వేసుకునేవాళ్లకి మామూలుగా కమిలే మచ్చలు వేరు. అవి దెబ్బ తగిలినచోట, బీపీ పట్టా కట్టినచోట, రక్తం తీసినచోట వస్తాయి. నొక్కితే కాస్త నొప్పి, అంతే. నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు అయి వారం పది రోజుల్లో మాయమవుతాయి. వీటికి ఆస్పత్రికి పరుగెత్తక్కర్లేదు. ఏ దెబ్బా తగలకుండా రోజూ కొత్తవి వస్తుంటే మాత్రం ఐఎన్ఆర్ చేయించండి.

బెజవాడ ఎండల్లో ఒంటిమీద ఏం లేచినా సెగ్గడ్డ అనుకోవడం అలవాటు. సెగ్గడ్డ మధ్యలో చీము మొన ఉంటుంది, రెండు మూడు రోజులు తీసుకుని పండుతుంది. మన సమస్యలో మొన ఉండదు, చీము ఉండదు, గంటగంటకీ వెడల్పవుతుంది. ఇంకో పొరపాటు అక్కి. అక్కి ఒంటికి ఒకవైపే, పట్టీలా, గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులతో వస్తుంది. అక్కి అనుకుని జాజు పూయించుకుని కూర్చుంటే ఆ రోజు పోయినట్టే, పైగా కింది రంగు డాక్టరుకి కనపడదు. డాక్టర్లే పొరబడేది చర్మం ఇన్ఫెక్షన్ దగ్గర. ఎర్రగా, వేడిగా, వాపుతో ఉంటే యాంటీబయాటిక్ రాసి పంపేస్తారు. అప్పుడు ‘మాత్ర మొదలుపెట్టి ఇది నాలుగో రోజు’ అన్న ఒక్కమాట మీ నోట రావాలి.

పొట్ట మీద ఇంజెక్షన్ పడ్డచోట చిన్న కమిలిన మచ్చ మామూలే. సూది వేశాక అక్కడ రుద్దకపోతే అదీ తగ్గుతుంది, రోజూ చోటు మార్చాలి, బొడ్డుకి రెండంగుళాల దూరం ఉండాలి. ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఐదు నుంచి పది రోజుల మధ్య ఆ చోట గట్టిపడి, ఎర్రబడి, నడుమ నల్లబడితే మాత్రం అది హెపారిన్‌తో వచ్చే వేరే జబ్బు కావచ్చు. ప్లేట్‌లెట్లు సగానికి పడిపోయి, ఒంట్లో కొత్త గడ్డలు కడతాయి. తర్వాతి సూది వేయించకుండా, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లి ప్లేట్‌లెట్ల లెక్క చూపించాలి.

పది రోజులు దాటాక వచ్చేవి మరో రెండున్నాయి. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య కాలి వేళ్లు ఊదారంగుకి తిరిగి నొప్పెడితే అది రక్తనాళాల గోడల నుంచి కొలెస్ట్రాల్ ముక్కలు ఊడి కిందికి వెళ్లడం. డయాలసిస్ మీదున్నవాళ్లకి నెలలు, ఏళ్లు గడిచాక తొడల మీదో పొట్ట మీదో విపరీతమైన నొప్పితో గట్టి గడ్డలు, నల్లటి పుండ్లు పడితే అది సన్నటి నాళాల్లో సున్నం పేరుకోవడం. వార్ఫరిన్ దాన్ని పెంచుతుంది. ఎ.కొండూరు, తిరువూరు వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి వచ్చేవాళ్ల ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండాలి.

అనుమానం వచ్చిన గంటలో

బాల్‌పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి పక్కనే టైము రాయండి. రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీయండి. ఇదంతా రెండు నిమిషాల పని. పెరుగుతుందో లేదో చూద్దామని ఇంట్లో కూర్చోవడానికి కాదు, ఆస్పత్రికి చేరేసరికి గీత దాటిందో లేదో డాక్టరుకి కనపడటానికి.

నూనె రాయొద్దు, మర్దనా వద్దు, వేడి కాపడం వద్దు, ఐసు వద్దు. పసుపు, వేపాకు ముద్ద, ఆయింట్‌మెంటు ఏదీ పెట్టొద్దు. బొబ్బ చిదమొద్దు. వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి పిరుదుకి నొప్పి సూది వేయించుకోవద్దు, ఈ మాత్ర మీదున్న మనిషికి కండలోకి వేసే ఏ సూదైనా లోపల రక్తం గూడుకట్టేలా చేయగలదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలూ వద్దు. మరీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ 650 ఒకటి వేసుకోవచ్చు. కానీ దాన్నే రోజుకి 2 గ్రాములకి మించి వరసగా వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది.

మాత్ర సంగతి జాగ్రత్తగా వినండి. అనుమానం ఉన్నప్పుడు తర్వాతి మాత్ర వేసుకునేలోపే ఆస్పత్రిలో ఉండాలి. మానేసి ఇంట్లో కూర్చోవడం పరిష్కారం కాదు. ఇనుప వాల్వు (మెకానికల్ వాల్వు) ఉన్న మనిషి ఏ రక్షణా లేకుండా మాత్ర మానేస్తే వాల్వు మీదే గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావచ్చు. ఆస్పత్రిలో మాత్ర ఆపినచోట హెపారిన్ ఎక్కిస్తారు, ఆ తేడా ఇంట్లో దొరకదు. ‘అది ఎలకల మందంట, పారేయ్’ అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. నిజమే, 1948లో వార్ఫరిన్ ఎలకల మందుగానే బజారుకొచ్చింది. 1954 నుంచి మనుషులకీ వాడుతున్నారు, ఎన్నో వాల్వులు దాని మీదే నడుస్తున్నాయి.

ఎక్కడికి వెళ్లాలి? ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) ఇవ్వగల బ్లడ్ బ్యాంకు, రాత్రైనా పనిచేసే ల్యాబు, సర్జన్ ఉన్నచోటికి. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాస్పత్రి, మంగళగిరి ఎయిమ్స్, లేదా మీకు వాల్వు ఆపరేషన్ చేసిన పెద్దాస్పత్రి. కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో చర్మం డాక్టరు ఓపీ చీటీ కోసం సాయంత్రం దాకా కూర్చోవద్దు, తిన్నగా క్యాజువాలిటీకే వెళ్లండి. బండి లేకపోతే 108. డిశ్చార్జి కాగితాలు, బిళ్లల అట్టలు, ఐఎన్ఆర్ రిపోర్టులు, చివరి మాత్ర, చివరి సూది ఎన్నింటికి వేసుకున్నారో రాసిన చీటీ తీసుకెళ్లండి.

అక్కడ కథ మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. ఇలా చెప్పండి: ‘వార్ఫరిన్ మొదలుపెట్టి ఇవాళ ఐదో రోజండి. పొద్దున తొడ మీద నొప్పి వచ్చింది, దెబ్బేమీ తగల్లేదు. పదింటికి ఈ గీత దాకా ఉంది, ఇప్పుడు గీత దాటి నల్లబడింది. ఆ మాత్ర వల్ల చర్మం పోతుందేమో చూడండి.’

ఆస్పత్రిలో ఏం చేస్తారు

‘ఐఎన్ఆర్ 2.4 ఉంది, బాగానే ఉంది’ అనే మాట వినపడితే కంగారు పడకండి, ఒప్పుకుని వెనక్కి రాకండి. ఈ సమస్య ఐఎన్ఆర్ సరిగ్గా ఉన్నప్పుడూ వస్తుంది. ఎక్కువైతేనే రావాలన్న నియమం లేదు. మర్యాదగానే పెద్ద డాక్టరుకి ఒకసారి చూపించమని అడగండి.

అనుమానం బలపడితే మాత్ర ఆపుతారు. విటమిన్ కె ఇస్తారు, తాజాగా ఉన్నప్పుడే ఫ్రీజర్లో పెట్టి నిల్వచేసిన ప్లాస్మా (ఎఫ్ఎఫ్‌పీ) ఎక్కిస్తారు. ప్లాస్మాలో ప్రోటీన్ సి ఉంటుంది, అది పోయిన చోటుని నింపుతుంది. దొరికితే విడిగా ప్రోటీన్ సి మందే ఇవ్వొచ్చు. గడ్డలు కొత్తగా కట్టకుండా హెపారిన్ పూర్తి మోతాదులో నడుపుతారు, అంతకుముందే ప్లేట్‌లెట్లు చూస్తారు. ‘రక్తం పలచన చేసే మందు వల్లే ఇలా అయితే మళ్లీ అదే రకం మందా’ అని అడ్డుపడకండి. హెపారిన్ ప్రోటీన్ సిని తగ్గించదు, పనిచేసే దారి వేరు.

చచ్చిన చర్మం తిరిగి బతకదు. హద్దు ఎక్కడిదాకా ఉందో తేలడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ తర్వాతే సర్జన్ నల్లటి భాగం తీసేసి, అవసరమైతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు. వెంటనే కోయలేదని గొడవపడొద్దు. చిన్నవైతే డ్రెస్సింగ్‌తోనే మానతాయి. ఆ వారాల్లో గుడ్లు, పప్పు, చేపలు బాగా పెట్టండి, పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచితే పుండు పూడదు. ఇక ఇంటింటా అడిగే గోంగూర ప్రశ్న: గోంగూరకీ ఈ పుండుకీ సంబంధం లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఐఎన్ఆర్‌ని కదిలిస్తుంది కాబట్టి వార్ఫరిన్ మీదున్నన్నాళ్లూ వారం వారం ఒకే తీరుగా తినడం మంచిది, అంతవరకే.

తర్వాత

కాలి గడ్డకీ గుండె లయకీ మాత్ర వాడేవాళ్లని చాలాసార్లు అపిక్సాబాన్, రివరాక్సాబాన్ లాంటి కొత్త మందులకి మారుస్తారు. ఇవి విటమిన్ కె జోలికి పోవు. ఇనుప వాల్వు ఉన్నవాళ్లకి, మైట్రల్ వాల్వు బాగా ఇరుకైనవాళ్లకి ఆ వీలు లేదు. వాళ్లకి హెపారిన్ నడుస్తుండగానే వార్ఫరిన్‌ని 1 లేదా 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల మీద కొద్దికొద్దిగా పెంచుతారు. ఆ పని ఆస్పత్రి కనుసన్నల్లోనే జరగాలి.

పన్ను పీకించుకోవడానికో, ఊరెళ్లి మర్చిపోయో, దీక్ష పేరుతోనో మాత్ర కొన్నాళ్లు ఆగిపోతే, మళ్లీ మొదలుపెట్టిన రోజు మళ్లీ ఒకటో రోజే. పోయిన రోజులకి సరిపెడదామని రెండు బిళ్లలు కలిపి వేసుకోవద్దు. ఎన్ని రోజులు ఆగిందో డాక్టరుకి చెప్పి మోతాదు అడగండి, పది రోజుల చూపు మళ్లీ పెట్టండి.

ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ పరీక్షలు పుండు పచ్చిగా ఉన్నప్పుడు చేయిస్తే డబ్బు దండగ. వార్ఫరిన్ మీదున్న ఎవరికైనా అవి తక్కువే వస్తాయి. వార్ఫరిన్ ఆపి కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు గడిచాక చేయించాలి. వాల్వు వల్ల ఆపలేని మనిషైతే, ఈ మాత్ర వాడని అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ పిల్లలకీ చేయించినా దారి దొరుకుతుంది. వాళ్లలో ఎవరికైనా తక్కువని తేలితే ఆ రిపోర్టు నకలు పర్సులో పెట్టుకోమనండి. కాన్పుకీ, ఎముకల ఆపరేషన్‌కీ వెళ్లినప్పుడు ముందు తీసి చూపించాల్సిన కాగితం అదే.